కరెంటు పోతే చెప్పే పెట్టె

మహిళా హాస్టల్, స్టేషన్ రోడ్డు,
నాంపల్లి
10 నవంబరు 2024

ఇజ్రాయేల్ మామయ్యకు మీ మేనకోడలు యూనీస్ ప్రభువు పేరట వందనాలు.

ఫోన్ చెవికి పెట్టుకుంటే తుమ్మెద మోత తప్ప ఏమీ వినబడటం లేదని మీరు చెప్పినప్పటి నుంచి నాకు ఉత్తరాలు రాయడం అలవాటైంది. దాంతో పాటు ఇంకో పిచ్చి పట్టుకుంది. ఈ రోజు ఆదివారం కదా, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పెడతారు. అక్కడ ఒక తెలుగు నిఘంటువు కొన్నాను. మొదటి ముప్ఫై పేజీలు లేవు. అంటే నా నిఘంటువులో 'అమ్మ' లేదు. అమ్మ పోయాక నన్ను పెంచింది మీరు కాబట్టి ఫర్వాలేదు, 'మామ' ఉంది. చూసుకున్నాను.

చదువు సంగతి. ఈసీఈ చివరి సంవత్సరంలో మా క్లాసులో అరవై ఆరుగురం. కాలేజీకి ఇప్పటికి నాలుగు కంపెనీలు వచ్చాయి. నాలుగూ కోడింగ్ తెలిసినవాళ్ళనే అడిగాయి. నా రూమ్మేట్ హైందవి అంటుంది: "మనం సదివేది వైర్లు, వాళ్ళడిగేది జావా. పెండ్లి ఒకనితోని, కాపురం ఇంకొకనితోని అన్నట్టుంది మన బతుకు." సగం మంది క్లాసులు ఎగ్గొట్టి కోడింగ్ కోచింగుకు పోతున్నారు. నేను ఇంకా పోలేదు. చిన్నప్పుడు మీ జనరేటర్ గదిలో కూర్చుని హోంవర్క్ చేసిన దాన్ని. నాకు వైర్లే ఇష్టం.

అసలు సంగతి చివరికి దాచాను. నలుగురు అమ్మాయిలం కలిసి ప్రాజెక్టు చేశాం. కరెంటు పోతే చెప్పే పెట్టె! ఎర్ర దీపం వెలుగుతుంది, హారన్ మోగుతుంది. మీ మిషన్ దవాఖానను తలచుకునే ఈ పేరు ఎంచుకున్నాను. ఎంత బాగా పనిచేస్తుందో చూస్తే మీరు నా చేతులు ముద్దుపెట్టుకుంటారు.

ఈ వారం మీకు నా నిఘంటువులోంచి ఒక మాట: కావలి.

మీ
యూనీస్


మిషన్ కాంపౌండ్, రామాయిపల్లి,
మెదక్ జిల్లా
19 నవంబరు

చిరంజీవి యూనీస్‌కు మామయ్య దీవెనలు.

బిడ్డా, నీ ఉత్తరం అందింది. ముందు నేను చదివాను. తరువాత సిస్టర్ వనితకు చదివి వినిపించాను. ఆమె దాన్ని తీసుకుపోయి వార్డులో అందరికీ వినిపించింది. "ఇజ్రాయేలన్నా, నీ కోడలు ఇంజనీరైంది, ఇగ నీకేం ఫికర్" అంటున్నారు. పెదవులు చూసి తెలుసుకున్నాను.

నువ్వు చేసిన పెట్టె గురించి రోజంతా ఆలోచించాను. ఒక్క విషయం నాకు అంతుపట్టలేదు. నేను చదివింది ఏడో తరగతి, కోపం చేసుకోకు. కరెంటు పోయినప్పుడు ఊళ్ళో అన్నీ ఆగిపోతాయి కదా. మరి నీ పెట్టె ఏ కరెంటుతో పలుకుతుంది?

దీనికి జవాబు రాయి. ఇంకో మాట. ఆ పెట్టెను ఇక్కడికి తీసుకురాగలవా? ఫిబ్రవరి లోపల అయితే మంచిది. ఎందుకో తరువాత చెబుతాను.

ఇట్లు
ఇజ్రాయేల్


నాంపల్లి
3 డిసెంబరు

ప్రియమైన మామయ్యకు,

మీ ఉత్తరం చూసి చాలా సంతోషించాను. మీరు అడిగినదానికి జవాబు: మాది నిరంతర విద్యుత్ పర్యవేక్షణ వ్యవస్థ. అందులో మైక్రోకంట్రోలర్ అనే చిన్న మెదడు ఉంటుంది. అది సెకనుకు వెయ్యి సార్లు వోల్టేజీని గమనించి, అంతరాయం ఏర్పడిన మరుక్షణం హెచ్చరిక సంకేతాన్ని ప్రసారం చేస్తుంది. మా రిపోర్టులో తొంభై పేజీలు ఉన్నాయి.

పోయిన వారం లక్డీకాపూల్‌లో ఒక కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్ళాను. ఇన్వర్టర్లు తయారుచేసే కంపెనీ. కోడింగ్ అడగలేదు. మీ ప్రాజెక్టు వెంట తెచ్చుకోండి అన్నారు. తీసుకువెళ్ళాను. ఫలితం ఇంకా చెప్పలేదు. బాగానే జరిగింది అనుకుంటున్నాను.

ఫిబ్రవరిలో పరీక్షల హడావిడి ఉంటుంది. రావడం కుదురుతుందో లేదో. పెట్టె మీద మరో ముగ్గురికీ హక్కు ఉంది కదా. వాళ్ళను అడగాలి.

ఈ వారం మాటలు మూడు: ప్రభంజనం, వితరణ, నిర్నిమేషం. మూడోది రెప్పవేయకుండా చూడటం.

మీ
యూనీస్


రామాయిపల్లి
14 డిసెంబరు

బిడ్డా యూనీస్,

నువ్వు ఒక పేజీ రాశావు. నేను అడిగినదానికి జవాబు అందులో లేదు. బహుశా నాకే అర్థం కాలేదేమో.

తరువాత చెబుతానన్న సంగతి ఇప్పుడు చెబుతాను. అక్టోబరులో ఒక పగలు కరెంటు పోయింది. పసిపిల్లల వార్డులో నెలలు నిండని బిడ్డ వెచ్చగా ఉంచే వార్మర్ కింద ఉంది. వనిత గంట కొట్టింది. నేను జనరేటర్ షెడ్డు వెనుక ఫిల్టర్ కడుగుతున్నాను. వినబడలేదు. ఆమె పరుగున వచ్చి నా భుజం పట్టి లాగేదాకా నాకు తెలియదు. బిడ్డను తల్లి రొమ్ముకు హత్తుకుని కాపాడారు. బతికింది. దేవుని కృప.

అప్పటి నుంచి ఆఫీసులో నా గురించి మాట నడుస్తున్నది. దేవప్రసాద్ గారు, మా అడ్మినిస్ట్రేటర్, మంచి మనిషి. కాగితం మీద రాసి చూపించారు: "చెవులు లేని మనిషిని జనరేటర్ దగ్గర ఎట్లా ఉంచను?" నేను అన్నాను, "దీపం కట్టుకుంట సార్, కండ్లు మంచిగనే ఉన్నయి." ఆయన రాశారు: "నువ్వు కట్టుకున్నది నేను నమ్మినా పైవాళ్ళు నమ్మరు. చదువుకున్న ఇంజనీరు చేసి, సంతకం పెట్టి ఇవ్వాలి."

అదే వారం నీ ఉత్తరం వచ్చింది. ఇది దేవుడే పంపించాడు అనుకున్నాను. ఫిబ్రవరి ఇరవై ఎనిమిది దాకా గడువు ఇచ్చారు. ఆ పెట్టె వస్తే ఉంటాను. రాకపోతే ఉద్యోగంతో పాటు ఈ క్వార్టర్ కూడా వదలాలి. నువ్వు పెరిగిన ఇల్లు.

నేను మాట ఇచ్చేశాను బిడ్డా. నీ పెట్టె మీద ఇచ్చాను.

ఇజ్రాయేల్


నాంపల్లి
5 జనవరి 2025

మామయ్యా,

ఈ ఉత్తరం ఆరుసార్లు మొదలుపెట్టాను. చక్కటి మాటలతో మొదలుపెట్టినవన్నీ చింపేశాను.

ఆ పెట్టె నేను చేయలేదు. కొన్నాం.

ఆబిడ్స్‌లో ఒక జిరాక్స్ షాపు పైన, రెండో అంతస్తులో ప్రాజెక్టు సెంటర్ ఉంది. గోడ నిండా ప్రాజెక్టుల పేర్లు అంటించి ఉంటాయి, హోటల్లో టిఫిన్ల పట్టీ లాగా. ఏ బ్రాంచికి ఏది, ఎన్ని రోజుల్లో ఇస్తారు అని. మా క్లాసులో దాదాపు అందరూ ఇలాగే తెచ్చుకుంటారు. సీనియర్లు తెచ్చుకున్నారు, వాళ్ళ సీనియర్లు తెచ్చుకున్నారు. దీన్ని తప్పని ఎవరూ అనుకోరు. నేను గోడ మీద పేరు ఎంచుకున్నాను. అంతవరకే నా పని. మిమ్మల్ని తలచుకుని ఎంచుకున్న మాట మాత్రం నిజం.

అక్కడి రాజేందర్ సార్ పెట్టె చేతికిస్తూ వైవా గురించి, అంటే ప్రాజెక్టు చూసి మార్కులు వేసే పరీక్ష గురించి, ఏమన్నాడో అలాగే రాస్తున్నాను.

"వైవా నాడు ప్లగ్గు పీకొద్దమ్మా. బల్ల కింద గీ బటన్ ఉంటది, మెల్లగ ఒత్తున్రి. దీపం ఎలుగుతది. గంతే."

"ప్లగ్గు పీకితే ఏమైతది సార్?"

"సచ్చిపోతది. గోడ కరెంటుతోనే నడుస్తది గదా."

"మరి నిజంగ కరెంటు పోతే?"

"వైవా అయిపోయినంక కరెంటు ఉంటే మీకేంది, పోతే మీకేంది?"

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. నెల తిరగకుండానే మీ ఉత్తరం వచ్చింది. ఏ కరెంటుతో పలుకుతుంది అని అడిగారు. ఏడో తరగతి చదివిన మీకు తోచిన ప్రశ్న తొంభై పేజీల రిపోర్టు ఉన్న నాకు తోచలేదు. తోచింది కానీ నవ్వేశాను. అది ఇంకా ఘోరం.

ఇంటర్వ్యూ కూడా బాగా జరగలేదు. అవతల కూర్చున్నావిడ వయసులో పెద్దది. నేను వల్లె వేసింది మొత్తం చెప్పనిచ్చింది. తరువాత లేచి ప్లగ్ పీకింది. పెట్టె ఆరిపోయింది. "ఇప్పుడు కరెంటు పోయింది. చెప్పమ్మా, మీ పెట్టె ఏమంటుంది?" అని అడిగింది. నా చెయ్యి బటన్ మీదే ఉంది. ఆవిడ దాన్ని కూడా చూసింది. పెట్టెను జాగ్రత్తగా సంచిలో పెట్టి ఇచ్చింది.

నుమాయిష్, అదే మా నాంపల్లి ఎగ్జిబిషన్, మొదలైంది. మా వీధిలో జనం కిటకిటలాడుతున్నారు. బొమ్మలు, బుడగలు, పాటలు. వాళ్ళ మధ్య నడుస్తుంటే ఏడుపు వస్తుంది. నాలుగేళ్ళు చదివాను మామయ్యా. మార్కులు ఎనభై రెండు శాతం. ఒక తీగను ఇంకో తీగకు అతికించడం రాదు. మీ ఇల్లు నా వల్ల పోతుంది. దేవప్రసాద్ గారికి ఏమని చెబుతారు?

ఈసారి మీకు పంపడానికి నా దగ్గర మాట లేదు.

యూనీస్


నాంపల్లి
16 జనవరి

మామయ్యా,

ఉత్తరం అందిందా? పోస్టుమ్యాన్ మా హాస్టల్‌కు పదకొండు గంటలకు వస్తాడు. రోజూ కాలేజీలో పొద్దటి క్లాసులు మానేసి గేటు దగ్గర నిలబడుతున్నాను. వాచ్‌మన్ ఎల్లేష్ అడిగాడు, "ఏంది పాపా, నౌకరీ కాగితమా?" ఔ అన్నాను. మళ్ళీ అబద్ధం.

తిట్టండి. తిడుతూ రాయండి. కానీ రాయండి.

యూనీస్


రామాయిపల్లి
22 జనవరి

యూనీస్,

నీ ఉత్తరం అందిన రోజే జవాబు రాశాను. చాలా కఠినంగా రాశాను. కవరు అంటించే ముందు జనరేటర్ గదిలో కూర్చుని మళ్ళీ చదివాను. ఎదురుగా లాగ్ పుస్తకం ఉంది. కరెంటు ఎప్పుడు పోయింది, ఎన్ని నిమిషాలకు జనరేటర్ మొదలైంది అని నేను రోజూ రాసే పుస్తకం. దాన్ని చూసి ఆ ఉత్తరం చింపేశాను.

నీకు చెప్పనిది ఒకటి ఉంది. వనితకు తప్ప ఎవరికీ తెలియదు. అక్టోబరులో ఆ రోజు జనరేటర్ మొదలవడానికి పదకొండు నిమిషాలు పట్టింది. పుస్తకంలో నేను రెండు అని రాశాను. ఇరవై ఆరేళ్ళుగా రాస్తున్న పుస్తకం. బల్ల కింద బటన్ నేను కూడా ఒత్తాను బిడ్డా. నీకన్నా ముందే ఒత్తాను.

ఈ రోజు దేవప్రసాద్ గారి దగ్గరికి పుస్తకం తీసుకుపోయి, ఆయన ముందే రెండు కొట్టేసి పదకొండు అని రాశాను. ఆయన ఆ పేజీ చూసి, కాగితం తీసుకుని, "ఆలోచిస్తాను" అని రాశారు. గడువు మార్చలేదు.

అందుకని పెట్టె ఇంకా కావాలి. నా మీద జాలితో వద్దు. ఆ వార్డులో ఇప్పుడు ఇద్దరు బిడ్డలు ఉన్నారు. నేను ఉన్నా లేకపోయినా ఆ గోడ మీద దీపం ఉండాలి.

ఈ పార్సిల్‌లో పాత ప్యానెల్‌లోని రిలే స్విచ్చి ఒకటి పంపుతున్నాను. బాగానే పనిచేస్తుంది. ఎలా కట్టాలో నాకు తెలుసు. కానీ చెప్పను. నేను చెబితే అది కూడా కొన్నదే అవుతుంది.

ఇజ్రాయేల్


నాంపల్లి
16 ఫిబ్రవరి

మామయ్యకు,

పెట్టెతో పాటు ఈ ఉత్తరం. రేపు ఉదయం బస్సు పార్సిల్‌లో వేస్తాను. ముందు ఉత్తరం చదవండి.

మీ రిలే పట్టుకుని ఆబిడ్స్ అంతా తిరిగాను. జగదీశ్ మార్కెట్ దగ్గర సందులో సురేందర్ అని ఒక రిపేరు దుకాణం ఆయన దొరికాడు. స్టూలు మీద కూర్చోబెట్టి, "బీటెక్కా?" అన్నాడు. ఔనన్నాను. టంకం పెట్టే కడ్డీ చేతికిచ్చాడు. నేను కాలే వైపు పట్టుకున్నాను. సందంతా వినబడేలా నవ్వాడు. తరువాత తనే నా వేలికి మందు రాశాడు.

"సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టిచ్చి గోడకు కొట్టుకో చెల్లె. చేతులు మాత్రం రోజు నా బల్ల మీద పెట్టు" అన్నాడు.

పద్దెనిమిది రోజులు పెట్టాను. మొదటిసారి కట్టింది తలకిందులైంది. కరెంటు ఉన్నంతసేపు దీపం వెలిగి, పోగానే ఆరిపోయింది. సురేందరన్న, "ఇది కరెంటు ఉంటే చెప్పే పెట్టె. మస్తుగ అమ్ముడుపోతది, గుడ్డోళ్ళు తప్ప అందరు కొంటరు" అన్నాడు. రెండోసారి కట్టింది బాగానే పనిచేసింది, రెండు రోజులు. మూడో రోజుకు చచ్చిపోయింది. ఆ రోజు దుకాణంలోనే అందరి ముందు ఏడ్చాను. ఎందుకు చచ్చిందో తెలుసుకోవడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది.

హైందవి నాతో మాట్లాడటం లేదు. "నలుగురి పేరు మీద ఉన్న ప్రాజెక్టు ఇది. నీ పుణ్యానికి మమ్మల్నెందుకు ముంచుతవే?" అంది. వాళ్ళను ముంచడం లేదు, నేను మాత్రమే బయటికి వస్తున్నానని చెప్పాను. మార్చి ఆరున వైవాలో ఒక్కదాన్నే, ఇలాంటిదే ఇంకొకటి కట్టి చూపిస్తాను. రిపోర్టు తొమ్మిది పేజీలు. ఫెయిల్ చేస్తారేమో. ఇంతవరకు మా క్లాసులో పదకొండు మందికి ఉద్యోగాలు వచ్చాయి. అందులో నేను లేను.

లోపల సంతకం కాగితం ఉంది. ఇంజనీరు అని రాయలేదు, ఇంకా కాలేదు కదా. 'చేసినది: యూనీస్' అని రాశాను. చాలుతుందో లేదో దేవప్రసాద్ గారిని అడగండి.

మీరు అడిగిన ప్రశ్నకు జవాబు ఇప్పుడు రాయను. పెట్టె గోడకు పెట్టి, మీ చేతులతో పరీక్షించండి. పనిచేసిందని మీరు రాస్తేనే జవాబు రాస్తాను.

మాట: టంకం. నిఘంటువులో ఎప్పటి నుంచో ఉంది. నేనే చదవకుండా దాటేశాను.

యూనీస్


రామాయిపల్లి
2 మార్చి

యూనీస్ బిడ్డకు,

పెట్టె పద్దెనిమిదో తేదీ అందింది. ముందు మూత విప్పి చూశాను. టంకం కొన్ని చోట్ల ముద్దగా ఉంది. ఊడదు, అది చాలు. షెడ్డు వెనుక, ఫిల్టర్ కడిగే చోటికి ఎదురుగా గోడకు బిగించాను.

నేను మెయిన్ తీసి పరీక్షించాను. మూడుసార్లూ వెలిగింది. కానీ నేను నమ్మింది ఇరవై ఏడో తేదీన. పొద్దున పది నలభైకి ఎవరూ చెప్పకుండా కరెంటు పోయింది. నేను అదే చోట, అదే ఫిల్టర్ కడుగుతున్నాను. తల ఎత్తితే గోడ ఎర్రగా ఉంది. పరుగెత్తాను. యాభై సెకన్లలో జనరేటర్ మీద చెయ్యి పెట్టి దాని అదురు చూసుకున్నాను. పుస్తకంలో యాభై సెకన్లు అని రాశాను. వనిత కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఇద్దరు బిడ్డలూ నిద్రపోతున్నారట.

పుస్తకంలో నేను రాసిన చివరి లెక్క అదే.

మరునాడు దేవప్రసాద్ గారు పిలిచారు. కాగితం మీద రాయలేదు. నా ముఖానికి ఎదురుగా నిలబడి, నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా అన్నారు: "చెవులు పోతే పెట్టె పెట్టుకోవచ్చు ఇజ్రాయేలూ. పుస్తకం తప్పు రాస్తే ఏ పెట్టె పెట్టాలె?" ఆయన కళ్ళలో నీళ్ళు ఉన్నాయి. నాకు ఆయన మీద కోపం లేదు.

నీ సంతకం చాలింది. పెట్టె ఉంటుంది. వార్డుకు ఇంకొకటి కావాలని కూడా అన్నారు. నేను ఉండను. క్వార్టర్ ఈ నెలాఖరుకు ఖాళీ చేయాలి. మీ అమ్మ కుట్టుమిషను, నీ పుస్తకాల పెట్టె ఎక్కడ పెట్టాలో తోచడం లేదు. ఎక్కడికి పోవాలో కూడా తోచడం లేదు. పెట్టె రాకపోవడం వల్లనే ఇదంతా జరిగిందని మాత్రం నువ్వు ఎప్పుడూ అనుకోకు. అది వచ్చింది. పనిచేసింది.

ఇప్పుడు జవాబు రాయి.

ఇజ్రాయేల్


నాంపల్లి
9 మార్చి

మామయ్యా,

మీ ఉత్తరం గేటు దగ్గరే చదివాను. ఎల్లేష్ కుర్చీ తెచ్చి వేశాడు.

ఆరో తేదీన వైవాలో, మీకు పంపినలాంటిదే ఇంకో పెట్టె కట్టి చూపించాను. మా సార్ మూత విప్పి, "ఒక రిలే, ఒక బ్యాటరీ, ఒక దీపం. ఇంతేనా అమ్మా? పక్క బ్యాచ్ చూడు, మొబైల్‌కు మెసేజ్ కూడా పంపుతుంది" అన్నారు. పక్క బ్యాచ్ హైందవి వాళ్ళది, మేం కొన్న ఆ పెట్టే. "సార్, రెండు పెట్టెల ప్లగ్గులూ పీకి చూడండి" అనాలని నోటి దాకా వచ్చింది. హైందవి నన్నే చూస్తున్నది. అనలేదు. నా ప్లగ్ మాత్రం నేనే పీకాను. సార్ దీపం వంక చూసి, పాస్ మార్కులు వేశారు. సరిగ్గా పాస్ మార్కులు. బయటికి వచ్చాక హైందవి నా కాలిన వేలు పట్టుకుని చూసింది. వదిలేసి వెళ్ళిపోయింది.

ఉద్యోగం లేదు. ఇక కాలేజీకి కంపెనీలు రావట. సురేందరన్న దుకాణానికి ఇన్వర్టర్లు చాలా వస్తున్నాయి, చూసే మనిషి లేడు. సాయంత్రాలు నేను చూస్తున్నాను. మీ గురించి చెప్పాను. "వినబడకపోతే మంచిదే, నా తిట్లు వినబడవు. తీస్కరా, సూద్దాం" అన్నాడు. సూద్దాం అన్నాడు, అంతే. నేను మాట ఇవ్వడం లేదు మామయ్యా. నాకు తెలియని పెట్టె మీద ఇక మాట ఇవ్వను.

నవంబరులో మీరు అడిగారు, కరెంటు పోయినప్పుడు నీ పెట్టె ఏ కరెంటుతో పలుకుతుంది అని. జవాబు:

లోపల చిన్న బ్యాటరీ ఉంది. కరెంటు ఉన్నంతసేపు అది మెల్లగా నిండుతూ ఉంటుంది. రెండోసారి కట్టినప్పుడు నేను మరచిపోయింది అదే, దాన్ని నింపడం. కరెంటు ఉన్నంతసేపు రిలే బిగపట్టుకుని ఉంటుంది. అది పట్టుకున్నంతసేపు బ్యాటరీకీ దీపానికీ నడుమ దారి ఉండదు. కరెంటు పోగానే దాని పట్టు వదులుతుంది. వదిలిన చోటే దారి కలుస్తుంది, దీపం వెలుగుతుంది. ఎంతసేపు వెలుగుతుందో గడియారం ముందు పెట్టుకుని చూశాను. రెండు గంటల పదమూడు నిమిషాలు.

వైవాలో చూపించిన పెట్టెనే వార్డుకు రెండో పెట్టెగా ఇస్తాను. నా బల్ల మీద ఉంది. బస్సులో పంపను. నెలాఖరున మీరు నాంపల్లికి వచ్చి, మూత విప్పి, టంకం చూసి, ప్లగ్ మీ చేత్తో పీకండి.

మీ
యూనీస్